నల్లగా వచ్చిన పాఠం

గద్వాల,
10-11-2003

ఉవైస్,

కుశల ప్రశ్నలకు నాకు ఓపిక లేదు. మీ మామ జిరాక్సు కొట్టులో ఫ్యాను కింద కూచునేవాడికి ఏమవుతుంది, బాగానే ఉంటావు. పనిమాట చెబుతాను.

నెల రోజులుగా ఇక్కడ ఆడపిల్లల క్యాంపులో చదువు చెబుతున్నాను. పత్తి విత్తనం చేలలో క్రాసింగు పనికి పోయి బడి మానేసిన పిల్లలు ముప్పై ఒక్కమంది. సంస్థవాళ్ళు ఒక పాత గోదాం అద్దెకు తీసుకుని బడి, పడక రెండూ అందులోనే పెట్టారు. ఏప్రిల్‌లో వీళ్ళంతా ప్రైవేటుగా ఏడో తరగతి పరీక్ష రాయాలి. మా హెప్సిబా కూడా వీళ్ళలో ఉంది.

మా చెల్లెను నాలుగో తరగతి కాగానే అమ్మ చేనుకు తోలుకుపోయిందని నీకు తెలుసు. నాలుగు సీజన్లు చేసింది. మధ్యాహ్నం మొగ్గ గిల్లాలి, మర్నాడు పొద్దున పుప్పొడి రుద్దాలి, గుర్తుకు దారం కట్టాలి. నాయన పుణె దిక్కు కాలువ పనిలో ఉన్నాడు కాబట్టి ఇంట్లో మాట అమ్మదే. నేను కొట్లాడి పిల్లను తీసుకొస్తుంటే మానవపాడు బస్టాండులో నలుగురి ముందు చెప్పింది: "ఒక్క ఏడు ఇస్తున్న. పాసైతే సదువుకోనీ, అడ్డం రాను. తప్పితే ఆగస్టుల నాతోని చేనుకొస్తది. మళ్ల నువ్వు పేపర్లు పట్టుకొని నా మీదికి రావొద్దు." పేపర్లంటే నా కరపత్రాలు.

మొదటి రోజే నేనొక నియమం పెట్టాను. ఈ క్యాంపులో ఎవరూ చూసి రాయకూడదు. అసలు కలమే పట్టనక్కర లేదు. ఈ పిల్లల బొటనవేళ్ళు చూస్తే నీకు అన్నం దిగదు. గిల్లీ గిల్లీ గోరు సగానికి అరిగిపోయి లోపలి కండ ఎర్రగా కనిపిస్తుంది. అలాంటి చేతికి మళ్ళీ పని చెప్పడం ఏం న్యాయం? నా దగ్గరున్న ఆకుపచ్చ అట్ట కరపత్రం ఆరో పేజీలో స్పష్టంగా ఉంది, నకలు రాయించే బడి మనిషిని గుమస్తాను చేస్తుందని. అందుకే పాఠాలన్నీ పాటలు కట్టి, నినాదాలు చేసి నోటితోనే నేర్పుతున్నాను. చదువుకు చెవీ నోరూ చాలు.

సబ్జెక్టుకు ఒక్క పుస్తకమే ఉంది. బస్సు డ్రైవరు చేతికి ఇచ్చి పంపుతున్నాను. గుర్తు పెట్టిన పాఠాలు ముప్పై ఒక్క కాపీలు తీసి వారంలో తిరిగి పంపు. ఉద్యమంలో నీ వంతు ఇది.

విజయ్

&nbsp;

వనపర్తి,
19-11-2003

విజయ్ సారుకు సలాం.

సారు అని రాస్తుంటే నాకే నవ్వొస్తోంది. ఇంటర్లో లెక్చరర్‌తో కొట్లాడి క్లాసు బయట నిలబడ్డవాడివి, ఇప్పుడు నువ్వే క్లాసు.

కట్ట పంపాను. మామ చుట్టాల నిఖాకని కర్నూలు పోయిన రెండు రోజులూ మిషన్ నీకోసమే తిరిగింది. మా డ్రమ్ము అరిగి ఉంది, చివరి పేజీలు ఎలా వచ్చాయో చూడలేదు. మామ స్కూటర్ చప్పుడు వినపడగానే మూత వేసి, అమాయకంగా మొహం పెట్టి కూచున్నాను.

ఒక అనుమానం యార్. కోపం చేసుకోకు. పరీక్ష రోజు ఆ పిల్లలు గంటలకొద్దీ రాయాలి గదా. నోటితో నేర్చుకున్నది చేతికి ఎవరు చెబుతారు? ఇన్విజిలేటర్ ముందు నిలబడి పాట పాడతారా?

అమ్మకు నా సలాం చెప్పు. ఆమె నీకంటే తెలివైనది, గడువు పెట్టింది.

ఉవైస్

&nbsp;

గద్వాల,
15-12-2003

ఉవైస్,

నీ అనుమానాలు నీ దగ్గరే పెట్టుకో. మొన్న హైదరాబాదు నుంచి సంస్థ పెద్దలు వచ్చారు. మా పిల్లలు నదుల పాట అందుకుంటే గోదాం రేకులు అదిరాయి. ఒక పెద్దమనిషి కళ్ళు తుడుచుకున్నాడు. రాయడమంటే ఏంది, తెలిసినదాన్ని కాగితం మీద పెట్టడమే గదా. ఫిబ్రవరిలో పదిహేను రోజులు చేయి తిప్పిస్తే సరిపోతుంది.

నీ మిషన్ ఘనకార్యం మాత్రం చెప్పాలి. సైన్సులో రక్తప్రసరణ పాఠం ముప్పై ఒక్క కాపీలూ బొగ్గు పూసినట్టు వచ్చాయి. గుండె బొమ్మ ఉన్నచోట ఒక నల్ల మచ్చ. ఒక్క పాఠం పోతే ఏమీ కాదని వదిలేశాను, పాట కూడా కట్టలేదు.

మా వార్డెన్ రాధమ్మతో పడడం లేదు. పాతకాలం మనిషి. పిల్లలు అల్లరి చేస్తే వందసార్లు రాయించాలంటుంది. నిన్న చిన్న గొడవ జరిగింది, రాయదగ్గది కాదు.

వచ్చే వారం అర్ధ సంవత్సర పరీక్ష. ప్రశ్నలు నావి కావు, బయటి సారుతో తీయించారు. చూడు మా పిల్లల సంగతి.

విజయ్

&nbsp;

గద్వాల,
6-1-2004

ఉవైస్,

నీ కార్డు అందింది. మార్కులు అడగకు. ఈ దేశంలో పరీక్షలు పేదపిల్లలను తప్పించడానికే పెట్టారు. హెప్సిబా బాగుంది, ఎక్కువ మాట్లాడదు.

విజయ్

&nbsp;

నాగర్‌కర్నూల్,
20-1-2004

విజయ్,

మిషన్ మెకానిక్ ఇక్కడ ఉంటే వచ్చి, మా అక్క తహసీన్ ఆపా ఇంట్లో దిగాను. నీ నాలుగు ముక్కల ఉత్తరం ఇక్కడికి తెచ్చుకుని మళ్ళీ మళ్ళీ చదివాను. నువ్వు దేశాన్ని తిట్టావంటే ఇంట్లో ఏదో జరిగిందన్నమాట. నీ గురించి నువ్వు చెప్పడం లేదు కాబట్టి నా గురించి నేను చెబుతాను. నాలుగేళ్ళుగా దాచిన మాట.

ఇంటర్ సివిక్స్ పేపరు గుర్తుందా? నాకు డెబ్బై ఒకటి వస్తే, దొంగ రాత రాసి ఉంటావని నువ్వు వారం మాట్లాడలేదు. నిజమే, చీటీలు తయారు చేశాను. పదకొండు. వేలెడంత కాగితం మీద పెద్ద జవాబు పట్టాలంటే ఊరికే పట్టదు. ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అని పది నిమిషాలు ఆలోచించి ఒక్కో లైను రాశాను. ఒక చీటీకి ఒక పూట పట్టింది. తీరా ఆ రోజు గేటు దగ్గర స్క్వాడ్ జీపు కనబడింది. భయపడి చీటీలు మొత్తం తీసుకుపోయి దొడ్డిలో పడేసి లోపలికి పోయాను. పని అయిపోయిందనుకున్నాను. ప్రశ్న చూడగానే చీటీ కండ్ల ముందుకు వచ్చింది యార్. ఎడమ పక్కన సిరా పాకిన చోటు, దాని కింద మూడో లైను, అన్నీ. చూడకుండా రాశాను. నీకు చెబితే నమ్మవని చెప్పలేదు.

ఇప్పుడు కాలం మారింది. కాలేజీ పిల్లలు మా కొట్టుకు వచ్చి గైడు పేజీలనే వేలెడంత చిన్నగా కొట్టించుకుంటారు. మైక్రో అంటారు దాన్ని. మామ ఒప్పుకుంటాడు, నేను బటన్ నొక్కుతాను. సిగ్గుపడే రాస్తున్నాను. వాళ్ళ చీటీ పోయిందంటే వాళ్ళకు ఒక్క ముక్క రాదు. మొన్న ఒకడు నా ముందే ఏడ్చాడు. అదే జవాబు, అదే సైజు కాగితం. తేడా ఒక్కటే, నాది నా చేత్తో రాసింది.

మీ పిల్లలతో చీటీలు రాయించు. పరీక్షకు తీసుకుపోవడానికి కాదు, రాయడానికే.

ఉవైస్

&nbsp;

గద్వాల,
26-1-2004

ఉవైస్ గారికి,

జెండా ఎగరేసి వచ్చి ఇది రాస్తున్నాను. చేలలో నలిగిన పిల్లలకు నువ్వు చీటీల విద్య చెబుతున్నావు. విద్యను వేలెడు ముక్కలు చేసి అమ్ముతూ, సిగ్గుపడుతున్నానని ఒక వాక్యం రాస్తే కడుక్కుపోతుందా? బటన్ నొక్కేది మామ కాదు, నీ వేలు. ఇక మీ కాపీలు మాకు అక్కర లేదు. పిల్లల చేతుల మీద నాకున్న బాధ కొట్లో కూచునేవాళ్ళకు అర్థం కాదు.

ఇట్లు,
విజయ్

&nbsp;

గద్వాల,
8-2-2004

ఉవైస్,

నువ్వు జవాబు రాయలేదు. రాయకపోవడమే సరి. ఇప్పుడు నేను మొత్తం చెబుతాను, చదివి నీ ఇష్టం.

అర్ధ సంవత్సర పరీక్షలో ముప్పై ఒక్కమందిలో ఇరవై తొమ్మిదిమంది తప్పారు. నదుల పాట గోదాం అదిరేట్టు పాడినవాళ్ళు, ఒక నది పేరు చెప్పి ఎక్కడ పుట్టిందని అడిగితే తెల్లకాగితం ఇచ్చారు. ఎందుకో తర్వాత తెలిసింది. పాట మొదటి లైను నుంచి ఎత్తుకుంటేనే వాళ్ళకు నడుస్తుంది. మధ్యలో ఒక మాట జారితే మొత్తం జారుతుంది. హెప్సిబాకు సోషల్‌లో యాభైకి తొమ్మిది.

కానీ సైన్సులో ఒక వింత. రక్తప్రసరణ ప్రశ్నకు హెప్సిబాకు, ఇంకో ముగ్గురు పిల్లలకు పదికి పది. నేను పాట కట్టని పాఠం. నీ మిషన్ నల్లగా కొట్టిన పాఠం.

డిసెంబరులో రాయదగ్గది కాదన్న గొడవ ఇదే. ఆ రోజు గోదాం వెనక ఈ నలుగురూ ఒక్క పుస్తకం చుట్టూ కూచుని నోటుబుక్కులో రాస్తున్నారు. "ఎవరు రాయమన్నరు?" అని అరిచాను. "ఎవలు అన్లే అన్నా, కాపీలల్ల కనబడ్త లేదని మేమే" అంది హెప్సిబా. నేను నమ్మలేదు. రాధమ్మ శిక్ష వేసిందనీ, దాస్తున్నారనీ అనుకున్నాను. చెల్లె చేతిలోంచి నోటుబుక్కు గుంజి రెండుగా చింపి పారేశాను. ఆ తర్వాత రాధమ్మ దగ్గరికి పోయి నానా మాటలు అన్నాను.

మార్కులు వచ్చాక, నలుగురూ ఒకరిని చూసి ఒకరు రాశారేమో అని వాళ్ళను విడివిడిగా పిలిచి అడిగాను. ఎక్కడి నుంచి అడిగినా చెబుతున్నారు. ఊపిరితిత్తుల దగ్గర మొదలుపెట్టమంటే అక్కడి నుంచి, కుడి గది అంటే అక్కడి నుంచి. హెప్సిబా అయితే నేలమీద సుద్దతో గుండె గీసి, "రక్తం ఎటు వోతదో నా ఏలికి తెల్సన్నా, నోటికే జర లేటు" అంది.

నీ ఉత్తరం వచ్చేనాటికి ఇదంతా నా ముందే ఉంది. నేను చూసి కూడా ఒప్పుకోనిదాన్ని నువ్వు దూరం నుంచి రాశావు. అందుకే అంత కోపం వచ్చింది.

నిన్న హెప్సిబాను కూచోబెట్టి క్షమించమన్నాను. "చింపినా ఏం గాలే, అందుల ఉన్నది నాకొస్తది" అంది. మరి గోళ్ళు నొయ్యవా అని అడిగాను. నాలుగు నెలలలో ఆ పిల్లను ఆ మాట అడగడం అదే మొదటిసారి. "నొస్తయి. చేనుల కూడ నొచ్చినయి. అక్కడ గిల్లితే సాయంత్రానికి ఎవలదో విత్తనం అన్నా. ఈడ రాసింది నాకే ఉంటది గద."

ముప్పై ఒక్కమంది చేతుల గురించి నేనే నిర్ణయం చేశాను. వాళ్ళను ఒక్కమాట అడగలేదు.

పరీక్షకు రెండు నెలలు లేవు. నోటుబుక్కులు లేవు. నాకు భయంగా ఉంది.

విజయ్

&nbsp;

వనపర్తి,
13-2-2004

విజయ్ గా,

"ఉవైస్ గారికి" అని రాసిన ఉత్తరం నాగర్‌కర్నూల్ నుంచి వచ్చిన ఆపాకు చూపించాను. చాయ్ పొలమారేదాకా నవ్వింది. అది అక్కడితో వదిలేద్దాం.

మూటలో చెడిపోయిన జిరాక్సు కాగితాలు పంపుతున్నాను. రెండేళ్ళవి. ఒక పక్క పాడైంది, రెండో పక్క తెల్లగా ఉంది. తూకానికి అమ్ముదామని మామ దాచినవి. అడిగితే, "తీస్కపో, ఆడపిల్లలు రాసుకుంటరంటే వద్దంటనా" అన్నాడు. అదే వేడి మీద, మైక్రో ఇక కొట్టను అని కూడా చెప్పేశాను. దానికి మాత్రం తిట్టాడు. తిట్టనీ.

రాయించే తీరు జర చూసుకో. పుస్తకం తెరిచి చూసి రాస్తే అది మిషన్ పనే, దానికి నా మిషన్ చాలు. చదవాలి, పుస్తకం మూయాలి, తర్వాత రాయాలి. నీ ఆకుపచ్చ కరపత్రం అబద్ధం చెప్పలేదు, నువ్వే సగం చదివావు.

రాధమ్మకు క్షమాపణ చెప్పావా?

ఉవైస్

&nbsp;

గద్వాల,
14-3-2004

ఉవైస్,

చెప్పాను. రాధమ్మ విని, "సరే తియ్యి, ఈ బియ్యం బస్తా లోపల పెట్టు" అంది. పెట్టాను. ఆమెకు చేతిపని తెలివి ఉంది. పాత చీర పేలికలు చింపి ముప్పై ఒక్క కలాలకు మందంగా చుట్టింది, గోటికి ఒత్తుకోకుండా. కొందరు బొటనవేలు వదిలేసి చూపుడువేలుకూ నడిమివేలుకూ మధ్య కలం ఇరికించి రాస్తున్నారు. అక్షరాలు మొదట్లో వాన నీళ్ళలో కొట్టుకుపోయే చీమల్లా ఉండేవి. ఇప్పుడు లైను మీద నిలుస్తున్నాయి.

పొద్దున ఒక పాఠం చదువుతాం. పుస్తకం మూసేస్తాం. ఎవరికి గుర్తున్నది వాళ్ళు సొంత మాటల్లో నీ కాగితాల వెనక రాస్తారు. తర్వాత పుస్తకం తెరిచి, వదిలేసినదాన్ని ఎర్ర కలంతో తామే చేర్చుకుంటారు. మర్నాడు మళ్ళీ అదే పాఠం, ఎరుపు తగ్గాలి. చేయి నోటి కంటే మెల్లగా నడుస్తుంది కాబట్టి ఏది రాయాలో తేల్చుకోక తప్పదు. ఆ తేల్చుకోవడంలోనే పాఠం పడుతోంది. ఇది ఏ కరపత్రంలోనూ చదవలేదు, వాళ్ళ కాగితాలు దిద్దుతూ తెలుసుకున్నాను. పాటలు మానలేదు. పాట అయ్యాక రాస్తారు.

మొన్న ఒక పిల్ల, "సారూ, మాతోని రాపిచ్చుడేనా, నువ్వు రాయవా?" అంది. అందరూ గోల చేశారు. సరేనని కరపత్రం ఆరో పేజీ రాయడానికి కూచున్నాను. వంద సభల్లో చెప్పిన పేజీ. రెండు వాక్యాలు దాటి ముందుకు పోలేదు. మూడో వాక్యం ఏమిటో నాకు నిజంగా తెలియదు. మిగతాదంతా కరపత్రం తెరిచి ఎర్ర కలంతో చేర్చుకున్నాను. హెప్సిబా నా కాగితం లాక్కుని చూసి, "అన్నా, నీకు ఎరుపే ఎక్కువుంది" అంది. ఆ రోజంతా నా మీద నవ్వుకున్నారు.

లెక్కలు మాత్రం ఇంకా భయపెడుతున్నాయి. నిన్నటి పరీక్షలో చెల్లెకు ముప్పై ఒకటి. నాలుగు మార్కులు తక్కువ.

విజయ్

&nbsp;

గద్వాల,
12-4-2004

ఉవైస్,

పరీక్షలు అయిపోయాయి. సోషల్ రోజు సెంటరు గోడ పక్కనే ఎన్నికల జీపు మైకు పెట్టుకుని నిలబడింది. నేను పోయి డ్రైవరు కాలరు పట్టుకోబోయాను. రాధమ్మ నా చేయి పట్టి, "నువ్వు లోపలుండి రాస్త లేవు. వాళ్లు రాసుకుంటరు, నువ్వు కూసో" అంది. కూచున్నాను. తర్వాత ఆమే పోయి నాలుగు మాటలు చెబితే జీపు కదిలింది.

హెప్సిబా బయటికి వచ్చేసరికి మోచేతి దాకా సిరా. ఎలా రాశావని అడిగాను. "అడిషనల్ పేపరు అడిగినన్నా. ఇచ్చే సారు నన్ను రెండుసార్లు సూసిండు. ఒక ప్రశ్న రాలే, దాన్ని ఇడిసిపెట్టి ముందుకు వోయిన." అని నీళ్ళ దగ్గరికి పరిగెత్తింది.

లెక్కల సంగతి అడిగితే భుజాలు ఎగరేసింది. మా అమ్మ ఎవరితోనో కబురు పంపింది, ఫలితాలు రాగానే చెప్పమని. అది తప్ప ఒక్క మాట కూడా లేదు.

విజయ్

&nbsp;

గద్వాల,
29-5-2004

ఉవైస్,

ఇరవై ఏడుమంది పాసయ్యారు. నలుగురు మళ్ళీ రాయాలి, వాళ్ళు ఇక్కడే ఉంటారు, నేనూ ఉంటాను.

హెప్సిబాకు లెక్కల్లో ముప్పై ఎనిమిది. సైన్సు అరవై ఆరు. గోడకు అంటించిన జాబితాలో నంబరు నేను మూడుసార్లు చూశాను, నాలుగోసారి రాధమ్మతో చూపించాను. తర్వాత ఆ గోడకు ఆనుకుని కూచుండిపోయాను.

వనపర్తి దగ్గర గురుకులంలో ఎనిమిదికి సీటు అడుగుతున్నాం.

విజయ్

&nbsp;

వనపర్తి,
27-6-2004

విజయ్,

మీ చెల్లెను నేనే ఆటోలో గురుకులానికి దింపాను. మామ బకెట్టు, తాళం కొనిచ్చాడు. ఆఫీసులో దరఖాస్తు నింపుదామని నేను కలం తీస్తే, "ఇటియ్యి అన్నా, నీ రాత నాకు తెల్సు, కోడి గీరినట్టుంటది" అని లాక్కుంది. పుట్టిన తేదీ దగ్గర జర ఆగింది, మీకెవరికీ తెలియదట గదా. మిగతాదంతా తానే నింపింది. గుమస్తా ఆ కాగితం పైకీ కిందికీ చూసి, ఏమీ అడగకుండా ముద్ర వేశాడు.

తాను పోతూ వెనక్కి తిరిగి చూడలేదు. నాకే జర కండ్లు చెమర్చాయి, దుమ్ము అనుకో.

ఉవైస్

&nbsp;

మానవపాడు,
9-8-2004

ఉవైస్,

రెండు రోజుల సెలవుకు ఇంటికి వచ్చాను. ఇది నీకు రాయకుండా ఉండలేను.

ఈ పొద్దున నేను అన్నం తింటుంటే విత్తనం కంపెనీ ఏజెంటు నాగన్న వాకిట్లోకి వచ్చాడు. క్రాసింగుకు ఇల్లిల్లూ తిరిగి మనుషులను మాట్లాడుకునే కాలం ఇది. అమ్మ చేటలో బియ్యం ఏరుతోంది.

"జమ్ములమ్మా, ఈ ఏడు మీ ఇంట్ల నుంచి ఎందరు?"

"నేనొక్కదాన్నే."

"పిల్లేది?"

"వనపర్తిల ఎనిమిది సదువుతుంది."

"సదవనీ, ఎవలు వద్దన్నరు? గామె చెయ్యి మంచి వాటం. ఒక్క నెల పిలిపియ్యి, క్రాసింగు అయినంక మళ్ల పోతది."

నా దగ్గర జవాబులు సిద్ధంగా ఉన్నాయి ఉవైస్. కరపత్రాలవి మూడు, నా సొంతానివి రెండు. లేవబోయాను. అమ్మ నా దిక్కు చూడను కూడా చూడలేదు.

"రాదు నాగన్నా" అంది. "గా పనికి ఇగ రాదు. పక్కింట్ల కూడ అడగకు, ఆళ్ల పిల్ల గూడ క్యాంపుకు వోతుంది."

అని చేట అటు తిప్పి మళ్ళీ బియ్యం ఏరుకుంది. నాగన్న సైకిలు తిప్పుకుని పోయాడు.

నోట్లో ఉన్న ముద్ద అప్పుడు మింగాను.

విజయ్